నీళ్ల విరేచనాలతో వడలిపోయిన పసిబిడ్డ: పీహెచ్‌సీలో మొదటి గంట ఎలా నడపాలి?

కొత్త_ఎంఓ

పిల్లల ఎమర్జెన్సీ చూసేవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. వానలు మొదలయ్యాయి, ఇక వాంతులు విరేచనాల కేసులే ఎక్కువ వస్తాయి. ఉదాహరణకి ఇలా అనుకోండి. 10 నెలల పాప, 8 కిలోలు. రెండు రోజులుగా నీళ్ల విరేచనాలు, పొద్దుటి నుంచి వాంతులు. కళ్లు లోపలికి పోయాయి, మగతగా పడి ఉంది, చెంచాతో నీళ్లు పోస్తే పెదాల పక్కనుంచి కారిపోతున్నాయి.

పీహెచ్‌సీలో ఉన్నవి: ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్), ఎన్‌ఎస్ (నార్మల్ సెలైన్), ఐసోలైట్-పి, 25 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ ద్రవం), 24 నంబరు క్యాన్యులాలు (నరంలో పెట్టే సన్న గొట్టాలు), ఫీడింగ్ ట్యూబులు, గ్లూకోమీటర్, ఆక్సిజన్. పిల్లల డాక్టరున్న ఏరియా ఆసుపత్రికి 108లో గంటన్నర ప్రయాణం.

నా సందేహాలివి. ఇది ఓఆర్‌ఎస్‌తో సరిపోయే కేసా, సెలైన్ ఎక్కించాల్సిందా అని తేల్చేది ఎలా? ఏ బాటిల్, ఎంత, ఎంత వేగంగా? నరం దొరక్కపోతే? ఎక్కువ పోస్తే గుండె మీద భారం పడుతుందని కొందరు, తక్కువ పోస్తే కిడ్నీలు పోతాయని కొందరు అంటారు. ఈ రెంటి మధ్య ఎక్కడ నిలబడాలి?

పిల్లలవార్డు_డాక్టర్

మీరు రాసిన నాలుగు ముక్కల్లోనే జవాబుంది. మగత, గుంటకళ్లు, తాగలేకపోవడం, గిల్లి వదిలిన చర్మం 2 సెకన్లు దాటినా సర్దుకోకపోవడం: ఈ నాలుగింటిలో ఏ రెండున్నా అది తీవ్రమైన డీహైడ్రేషన్. మీ పాపకి ఇప్పటికే మూడున్నాయి. ప్లాన్ సి, అంటే వెంటనే సెలైన్ ఎక్కించడం, ఆలోచన అక్కర్లేదు. అదే బిడ్డ చిరాగ్గా ఏడుస్తూ, గ్లాసు కనిపిస్తే లాక్కుని గటగటా తాగుతుంటే, చర్మం నెమ్మదిగానైనా 2 సెకన్లలోపే సర్దుకుంటే ప్లాన్ బి, అంటే ఓఆర్‌ఎస్ తాగించడం. ఏడ్చే బిడ్డకన్నా ఏడవని బిడ్డ దగ్గరికి ముందు పరిగెత్తాలి.

చర్మం గిల్లడంలో చాలామంది తప్పుతారు. బొడ్డుకీ పొట్ట పక్కభాగానికీ నడుమ, బొటనవేలు చూపుడువేలుతో, మడత శరీరం పొడుగునా ఉండేలా పట్టాలి, అడ్డంగా కాదు. ఒక సెకను ఎత్తి పట్టి వదలాలి. బొద్దుగా ఉన్న బిడ్డలో నీళ్లు పోయినా మడత వెంటనే సర్దుకుంటుంది. బక్కబిడ్డలో నీళ్లు పోకపోయినా ఆలస్యమవుతుంది. కాబట్టి ఆ ఒక్క గుర్తు మీద తీర్పు చెప్పొద్దు.

షాక్ (రక్తప్రసరణ కుంగిపోవడం) ఉందా అన్నది వేరుగా చూడండి. అరచేతులు పాదాలు చల్లగా ఉండడం, క్యాపిల్లరీ రీఫిల్ (గోరు నొక్కి వదిలాక రంగు తిరిగొచ్చే సమయం) 3 సెకన్లు దాటడం, నాడి బలహీనంగా వేగంగా కొట్టుకోవడం. ఏడాది లోపు బిడ్డకి మణికట్టు దగ్గర వెతుకుతూ కూర్చోకండి, మోచేతికి పైన లోపలివైపు బ్రేకియల్ నాడి పట్టుకోండి. గది చల్లగా ఉంటే గోరు మోసం చేస్తుంది, రొమ్ము ఎముక మీద నొక్కి చూడండి. బీపీ పడిపోయేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. పిల్లల్లో రక్తనాళాలు బిగుసుకుని బీపీని చివరిదాకా నిలబెడతాయి, పడ్డాక ఇక వ్యవధి ఉండదు.

ఇక లెక్క. ఆర్‌ఎల్ కిలోకు 100 మి.లీ., రెండు విడతలుగా.

ఏడాది లోపు: మొదటి గంటలో కిలోకు 30, తర్వాతి 5 గంటల్లో కిలోకు 70.
ఏడాది దాటితే: మొదటి అరగంటలో 30, తర్వాతి రెండున్నర గంటల్లో 70.

మీ 8 కిలోల పాపకి మొదటి గంటలో 240 మి.లీ., తర్వాత 5 గంటల్లో 560 మి.లీ. మీ దగ్గరున్న మాక్రో సెట్ (పెద్ద చుక్కల సెలైన్ గొట్టం) మి.లీ.కి 20 చుక్కలదైతే మొదటి గంట నిమిషానికి 80 చుక్కలు, ఆ తర్వాత 37 చుక్కలు. సెట్ కవరు మీద 15 అని ఉందా 20 అని ఉందా చూడకుండా లెక్కేయకండి. మొదటి 30 అయ్యాక కూడా నాడి బలహీనంగానే ఉంటే అదే 30ని ఇంకొక్కసారి ఇవ్వచ్చు. ప్రతి 15 నిమిషాలకీ నాడి, శ్వాస, మెలకువ చూసి కాగితం మీద రాయాలి. బిడ్డ మింగగలిగిన క్షణం నుంచి, సెలైన్ నడుస్తుండగానే, గంటకి కిలోకు 5 మి.లీ. చొప్పున ఓఆర్‌ఎస్ మొదలుపెట్టాలి. ఆర్‌ఎల్‌లో పొటాషియం లీటరుకు 4 మిల్లీమోల్ మాత్రమే, ఓఆర్‌ఎస్‌లో 20. అది అందకపోతే నీళ్లు నిండినా పొట్ట ఉబ్బిపోయి, మెడ వాలిపోయి మళ్లీ మీ ముందుకే వస్తుంది.

ఐసోలైట్-పి ఈ పనికి కాదు. దయచేసి దాన్ని ఎమర్జెన్సీ ట్రేలోంచి తీసి వేరే అరలో పెట్టించండి. సీసా మీద పిల్లలది అని ఉంటుంది కాబట్టి రాత్రిపూట చెయ్యి దాని మీదకే పోతుంది. అందులో సోడియం లీటరుకు 25 మిల్లీ ఈక్వివలెంట్ల ప్రాంతంలోనే ఉంటుంది, ఆర్‌ఎల్‌లో 130 ప్రాంతం. వేగంగా పోస్తే సోడియం పడిపోయి, మెదడు ఉబ్బి, ఫిట్స్ వస్తాయి. ఉత్త 5 శాతం డెక్స్‌ట్రోజ్‌దీ అదే ప్రమాదం. ఆర్‌ఎల్ లేకపోతే ఎన్‌ఎస్ వాడండి.

మగతగా ఉన్న ప్రతి బిడ్డకీ సూది గుచ్చగానే షుగర్ చూడండి. 45 కన్నా తక్కువైతే, పోషకాహార లోపమున్న బిడ్డలో 54 కన్నా తక్కువైతే, 10 శాతం డెక్స్‌ట్రోజ్ కిలోకు 5 మి.లీ. మీ దగ్గర 25 శాతమే ఉంది కదా: 16 మి.లీ. డెక్స్‌ట్రోజ్, 24 మి.లీ. స్టెరైల్ వాటర్ కలిపితే 40 మి.లీ. వస్తుంది, 8 కిలోల పాపకి అది సరిగ్గా సరిపోతుంది. 25 శాతాన్ని నేరుగా చిన్న నరంలోకి నెట్టకండి, నరం కాలిపోతుంది. 30 నిమిషాలకి మళ్లీ చూడాలి.

నైట్‌డ్యూటీ_సిస్టర్

డాక్టర్ గారు లెక్క చెప్పారు, చేతిపని నేను చెబుతా.

ముందు బరువు. తల్లి చెప్పిన బరువు, కార్డు మీది పాత బరువు వద్దు. పసిపిల్లల తూకం పాడైతే తల్లిని బిడ్డతో పెద్ద తూకం మీద నిలబెట్టి, తర్వాత తల్లిని ఒక్కదాన్నే నిలబెట్టి తీసేయండి. బట్టలు తీసి, తడిసిన గుడ్డ తీసి తూయాలి. పైన చెప్పిన లెక్కలన్నీ ఈ అంకె మీదే నిలబడ్డాయి.

500 మి.లీ. బాటిల్‌ని 8 కిలోల బిడ్డకి తగిలించి వదిలేస్తే, కంట్రోల్ జారిందంటే అది మొత్తం లోపలికి పోతుంది. అంటే కిలోకు 60 మి.లీ. పైనే, అదీ ఎవరూ చూడకుండా. బ్యూరెట్ సెట్ (మధ్యలో కొలత గీతల గొట్టమున్న సెట్) ఉంటే అందులో ఒక్కో విడతకి 100 మి.లీ. మాత్రమే నింపండి. లేకపోతే బాటిల్‌కి ప్లాస్టర్ అంటించి, ఎక్కడిదాకా ఎన్ని గంటలకి దిగాలో పెన్నుతో గీత గీయండి. మి.లీ.కి 60 చుక్కల మైక్రో సెట్‌తో మొదటి గంట నడపాలని చూడొద్దు, నిమిషానికి 240 చుక్కలు లెక్కపెట్టలేం. చుక్కల మీద నమ్మకం లేకపోతే 50 మి.లీ. సిరంజి, త్రీవే (మూడు దారుల కుళాయి) పెట్టి 12 నిమిషాలకి ఒక సిరంజి చొప్పున నెమ్మదిగా నెట్టండి, గంటకి ఐదు సిరంజిలు. సరిగ్గా 240 కావాలంటే ఒక్కోదాంట్లో 48 తీసుకోండి.

నరం కోసం చేతి వెనక, పాదం మీద, చీలమండ లోపలి గడ్డకి ముందున్న సెఫీనస్ నరం, నెత్తి మీద చూడండి. షాక్‌లో ఉన్న బిడ్డకి ఇద్దరు రెండు వైపులా ఒకేసారి ప్రయత్నించాలి. రెండు గుచ్చుళ్లలో రాకపోతే అక్కడితో ఆపి ఎముకలోకి వెళ్లాలి. అరగంట సేపు నలుగురు మారి గుచ్చడం వల్ల అసలైన నష్టం జరుగుతుంది.

ఐఓ (ఎముకలోకి ద్రవం ఎక్కించే) సూది పెట్టే చోటు: మోకాలి చిప్ప కింద చేతికి తగిలే ఎముక గడ్డ ఉంటుంది. దానికి ఒక వేలు వెడల్పు కింద, లోపలివైపు చదునుగా ఉన్న భాగం. మోకాలి కింద మడిచిన గుడ్డ పెట్టండి. సూది నెట్టే దారిలో మీ అరచెయ్యి కింద ఉండకూడదు. స్పిరిట్‌తో శుభ్రం చేసి, నిట్టనిలువుగా, కొంచెం పాదంవైపు వాలుగా, తిప్పుతూ నొక్కాలి. పొడిచినట్టు కాదు, మర బిగించినట్టు. గట్టితనం ఒక్కసారిగా వదిలినట్టు తెలుస్తుంది, అక్కడ ఆపాలి. చెయ్యి తీసేసినా సూది నిలబడే ఉంటే సరైన చోట ఉన్నట్టు. లోపలి స్టైలెట్ (సూది రంధ్రంలోని కడ్డీ) తీసి సిరంజితో లాగితే ఎర్రటి మజ్జ రావచ్చు, రాకపోయినా కంగారొద్దు. 5 మి.లీ. సెలైన్ నెట్టి పిక్క వైపు చెయ్యి పెట్టి చూడండి. ఉబ్బితే సూది అవతలికి పోయినట్టు, తీసేసి రెండో కాలికి వెళ్లాలి, అదే ఎముకలో మళ్లీ వద్దు. ఐఓలో బాటిల్ దానంతటది వేగంగా దిగదు, సిరంజితో నెట్టాల్సిందే. ఐఓ సూది లేని చోట పసిబిడ్డకి 18 నంబరు ఇంజెక్షన్ సూది కూడా పనికొస్తుంది. కాకపోతే ఎముక పొడి దాని రంధ్రంలో ఇరుక్కుంటుంది, అప్పుడు ఇంకోటి పెట్టాలి. కాలు విరిగి ఉంటే, అక్కడ చీముపుండు ఉంటే ఆ కాలు వద్దు. నరం దొరకగానే తీసేయండి, 8 గంటలు దాటించొద్దు.

అదీ కుదరకపోతే ముక్కు గొట్టం. 8 నంబరు ఫీడింగ్ ట్యూబు, ముక్కు నుంచి చెవి దాకా, చెవి నుంచి రొమ్ము ఎముక చివరి దాకా కొలిచి గుర్తు పెట్టాలి. ఓఆర్‌ఎస్ గంటకి కిలోకు 20 మి.లీ. అంటే ఈ పాపకి గంటకి 160, పావుగంటకి 40 చొప్పున. వాంతి ఆగకపోతే, పొట్ట ఉబ్బితే వేగం తగ్గించండి. తల పక్కకి తిప్పి ఉంచండి. చాలా సెంటర్లలో ఈ గొట్టం సంగతే మర్చిపోతారు.

పీడియాట్రిక్_ఐసీయూ

పై రెండూ చక్కగా ఉన్నాయి. నాకు ఒక్క చోట గట్టిగా చెప్పాలనుంది: బాటిల్ తగిలించే ముందు జబ్బ కొలవండి. ఆరు నెలలు దాటిన బిడ్డకి జబ్బ మధ్య చుట్టుకొలత 11.5 సెం.మీ. కన్నా తక్కువైనా, రెండు పాదాలకీ నీరుండి నొక్కితే గుంట పడినా ప్లాన్ సి పనికిరాదు. ఆ బిడ్డ గుండె కండరమూ బక్కదే, శరీరంలో ఉప్పు ముందే పేరుకుని ఉంటుంది. కిలోకు 30 గంటలో పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

అలాంటి బిడ్డ మెలకువగా ఉంటే నోటితోనే లేదా గొట్టంతోనే: అరగంటకి కిలోకు 5 మి.లీ. చొప్పున మొదటి 2 గంటలు, తర్వాత గంటకి కిలోకు 5 నుంచి 10 మి.లీ. షాక్‌లో ఉండి మగతగా ఉంటేనే నరంలోకి. అప్పుడు కూడా కిలోకు 15 మి.లీ., గంట సేపు. ద్రవం 5 శాతం డెక్స్‌ట్రోజ్ కలిసిన ఆర్‌ఎల్. 500 మి.లీ. బాటిల్‌లోంచి 100 తీసేసి, 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 కలిపితే సరిపోతుంది. మొదలుపెట్టే ముందు నాడి, శ్వాస రాసుకోండి. తర్వాత 10 నిమిషాలకోసారి. శ్వాస నిమిషానికి 5, నాడి 15 పెరిగితే వెంటనే ఆపాలి. రెండూ తగ్గుతుంటే కిలోకు ఇంకో 15 మి.లీ. ఇవ్వచ్చు. ఏ మార్పూ లేకపోతే అది సెప్టిక్ షాక్ (ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే షాక్) అనుకుని నడవాలి. పంపేలోపు ఆంపిసిలిన్ కిలోకు 50 మి.గ్రా., జెంటామైసిన్ కిలోకు 7.5 మి.గ్రా. ఇచ్చేయండి. ఈ పిల్లలకి జ్వరం రాకపోవచ్చు, ఒళ్లు చల్లబడవచ్చు. దుప్పటి కప్పండి.

ఎక్కువ పోస్తే గుండె అన్న వాదన ఎక్కడిదంటే, 2011లో వచ్చిన ఫీస్ట్ అధ్యయనం. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో జ్వరంతో రక్తప్రసరణ మందగించిన 3141 మంది పిల్లల్లో చేశారు. బోలస్ (ఒక్కసారిగా వేగంగా ఎక్కించే ద్రవం) ఇచ్చిన గుంపుల్లో 48 గంటల్లో 10.5 శాతం ప్రాంతంలో చనిపోతే, బోలస్ ఇవ్వని గుంపులో 7.3 శాతం. చాలామంది దీన్ని తలకిందులుగా చదివి విరేచనాల బిడ్డకి కూడా సెలైన్ ఇవ్వడానికి భయపడుతున్నారు. విరేచనాల బిడ్డల్నీ, తీవ్ర పోషకాహార లోపమున్నవాళ్లనీ ఆ అధ్యయనంలో చేర్చుకోనే లేదు. నీళ్లు పోయిన బిడ్డకి నీళ్లు తిరిగివ్వాలి. జ్వరం మాత్రమే ఉండి, విరేచనాలు లేకుండా షాక్‌లోకి వచ్చిన బిడ్డకి కిలోకు 10 నుంచి 20 మి.లీ., అరగంట నుంచి గంట సేపట్లో, మధ్యమధ్య చూసుకుంటూ.

కాబట్టి ఈ బిడ్డకి నిజంగా నీళ్లే పోయాయా అన్న ప్రశ్న ముందు వేసుకోవాలి. రెండుసార్లు పల్చగా అయిన విరేచనానికి ఇంత షాక్ రాదు. లివర్ మూడు వేళ్లు కిందికి తగిలితే, ఊపిరితిత్తుల అడుగున చిటపట వినిపిస్తే, గాలప్ (గుర్రపు దౌడులాంటి గుండె చప్పుడు) ఉంటే మయోకార్డైటిస్ (గుండె కండరం వాపు). అక్కడ బోలస్ ప్రాణం తీస్తుంది. వాంతులు, కడుపునొప్పి, వడలిపోయిన ఒళ్లు ఉన్నా మూత్రం మాత్రం ధారాళంగా పోస్తుంటే డయాబెటిక్ కీటో అసిడోసిస్ (షుగర్ జబ్బు ముదిరి రక్తం ఆమ్లమవడం). గ్లూకోమీటర్ 300, 400 చూపిస్తుంది. పచ్చటి పసరు వాంతి, ఉండి ఉండి కాళ్లు ముడుచుకుని కేకపెట్టి మధ్యలో పాలిపోయి నిద్రపోవడం, జిగురుతో ఎర్రటి విరేచనం ఉంటే పేగులో పేగు దూరింది. సర్జన్ ఉన్న చోటికే పంపాలి. వానాకాలం రాత్రి చెమటలు పట్టి, వాంతులు చేసుకుంటూ, చేతులు చల్లబడి వచ్చిన బిడ్డ ఒంటి మీద తేలు కుట్టిన చోటు కూడా వెతకండి.

లివర్ అంచుని మొదట్లోనే పెన్నుతో గీయండి. ప్రతి బోలస్ తర్వాత గీత దాటిందేమో చూడండి. ఊపిరితిత్తుల చప్పుళ్లు వినే చెవి కుదరడానికి ఏళ్లు పడుతుంది, పెన్ను గీత మొదటిరోజే పనికొస్తుంది.

108_ఈఎంటీ

మొదటి 240 మి.లీ. అయ్యేదాకా కదిలించొద్దు, ఆ గంట పీహెచ్‌సీలోనే గడవాలి. షాక్‌లో ఉన్న బిడ్డని ఎక్కించి పంపేస్తే మలుపుల రోడ్డు మీద క్యాన్యులా ఔట్ అవుతుంది, వెళ్లే బండిలో మళ్లీ పెట్టడం జరగని పని. ఎక్కించే ముందు చేతికి అట్టముక్కతో స్ప్లింట్ కట్టండి, ఆక్సిజన్ సిలిండర్ ముల్లు చూడండి, ముక్కు గొట్టం కూడా వేసి పంపండి. క్యాన్యులా పోతే గొట్టంలో ఓఆర్‌ఎస్ పోస్తూ వెళ్తాం. చీటీ మీద బరువు, ఏ ద్రవం ఎన్ని మి.లీ., ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటలకి, షుగర్ ఎంత, చివరిసారి మూత్రం ఎప్పుడు అన్నవి ఉంటే చాలు. ‘ఫ్లూయిడ్స్ గివెన్’ అని రాసి పంపితే అవతలి డాక్టరు మొదటి నుంచి మొదలుపెడతారు.

కొత్త_ఎంఓ

చాలా ఉపయోగం, అందరికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు. వచ్చినప్పుడు శ్వాస నిమిషానికి 60 ఉంటే న్యుమోనియా కూడా ఉందనుకోవాలా? ఓఆర్‌ఎస్ ఇంట్లో ఇస్తూనే ఉన్నామని తల్లులు చెబుతారు, అయినా ఇంత వడలిపోయి ఎందుకొస్తారు?

పిల్లలవార్డు_డాక్టర్

శ్వాస వేగం 2 నెలల నుంచి ఏడాది దాకా 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40, లేదా ఆపైన ఉంటే ఎక్కువే. అయితే డీహైడ్రేషన్‌లో రక్తం ఆమ్లమై వచ్చే శ్వాస లోతుగా ఉంటుంది, డొక్కలు ఎగరవు, దగ్గు ఉండదు, ఆక్సిజన్ శాతం బాగానే ఉంటుంది. మొదటి 30 అయ్యేసరికి నెమ్మదిస్తుంది. డొక్కలు లోపలికి పోతుంటే, మూలుగుతుంటే, ఆక్సిజన్ 90 కన్నా తక్కువుంటే న్యుమోనియాగా చూడండి.

ఓఆర్‌ఎస్ సంగతి తల్లిని మీ ముందే కలిపి చూపించమనండి. 21 గ్రాముల పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి, 4.2 గ్రాముల చిన్నది 200 మి.లీ.కి. పెద్ద ప్యాకెట్‌ని ఒక గ్లాసులో కలిపితే ఉప్పు ఐదు రెట్లు. ఆ బిడ్డ రక్తంలో సోడియం ఎక్కి వస్తుంది. చర్మం పిండిముద్దలా మెత్తగా తగులుతుంది, గిల్లితే మామూలుగానే సర్దుకుంటుంది, కానీ చిరాకు, కీచుమనే ఏడుపు, ఫిట్స్ ఉంటాయి. షాక్ ఉంటే సరిచేశాక మిగతాది 48 గంటల మీద నెమ్మదిగా దించాలి. అది పెద్దాసుపత్రి పని. దీనికి రెండో వైపు, ప్యాకెట్‌లో సగం ఈరోజు, సగం రేపు అని ఉత్త తీపినీళ్లలా పల్చగా కలపడం. మూడోది ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మిన తీపి పానీయాల డబ్బాలు. చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ, విరేచనం ఇంకా పెరుగుతుంది. హైదరాబాద్‌కి చెందిన ఒక పిల్లల డాక్టరు ఏళ్ల తరబడి పోరాడాక 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. ఇంట్లో మిగిలిన పాత డబ్బా ఉందేమో అడగండి.

ప్లాన్ బి బిడ్డకి 4 గంటల్లో కిలోకు 75 మి.లీ. 8 కిలోలకి 600. రెండు నిమిషాలకో 5 మి.లీ. చెంచా అయితే గంటకి 150, నాలుగు గంటలకి సరిగ్గా 600. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి మళ్లీ ఇంకా నెమ్మదిగా. గ్లాసుతో, సీసాతో తాగిస్తే కడుపు ఒక్కసారి నిండి మొత్తం బయటికి వస్తుంది, అప్పుడే ‘నోట్లో ఏదీ నిలవట్లేదు సార్, బాటిల్ ఎక్కించండి’ అంటారు. వాంతులు మరీ ఆగకపోతే ఓన్‌డాన్‌సెట్రాన్ ఒకే ఒక్క డోసు, 8 నుంచి 15 కిలోలకి 2 మి.గ్రా. నోటితో. లోపెరమైడ్ పిల్లలకి ఎప్పుడూ వద్దు, పేగు కదలిక ఆగి పొట్ట ఉబ్బిపోతుంది. రక్తవిరేచనం, కలరా అనుమానం లేకుండా యాంటీబయాటిక్ అక్కర్లేదు. తల్లిపాలు ఏ దశలోనూ ఆపొద్దు. ఇంటికి పంపేటప్పుడు జింక్ 14 రోజులు, 6 నెలల లోపు 10 మి.గ్రా., దాటితే 20. మాత్రని చెంచాలో తల్లిపాలతోనో నీళ్లతోనో కరిగించి మొదటి డోసు మీ ముందే వేయించండి, విరేచనాలు ఆగినా 14 రోజులూ వేయాలని ఆమె నోటితోనే చెప్పించండి.